డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు

నేటి పశ్చిమగోదావరి జిల్లా భీమవరమున 1895 జనవరి 12వ తేదీన సుబ్బారావుగారు జన్మించిరి. తల్లి వెంకమ్మగారు, తండ్రి జగన్నాథముగారు. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు కృతార్థులైరి. మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహమునకు గురియగుటచే, యం.బి.బి.యస్.కు బదులు యల్.యం.యస్. పట్టము మాత్రమే లభించెను.

ఆ కాలముననే ఆయన సోదరులిరువురు స్ప్రూ అను గ్రహణివ్యాధిచే కొద్దిదినముల తేడాతో మరణించిరి. పిదప ఆయనకును ఆ వ్యాధి సోకగా, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సవలన బ్రదికిరి. ఈ రోగమునకు మూలమేమి యను ప్రశ్న ఆయనను జీవితాంతము విడువలేదు.

మనము భుజించు పప్పు, పాలు మొదలగువానిలోని మాంసకృత్తులు జీర్ణాశయమునందును చిన్నప్రేగునందును అమినో ఆమ్లములుగా విడిపోయి, ప్రేగుగోడలద్వారా రక్తమున చేరును. స్ప్రూ వ్యాధిలో ఆ గోడలు పాడగును. ఎంత తినినను ఒంటికి పట్టదు. రోగి రక్తహీనుడై కృశించును.

మామగారి సహాయముతోను, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ తోడ్పాటుతోను సుబ్బారావుగారు అమెరికా చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున పరిశోధన సాగించిరి. 1927లో ఫిస్కేగారితో కలిసి కండరములలోని ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును వెల్లడించిరి. 1940లో లెడర్లీ సంస్థలో చేరిరి. ఆయన నాయకత్వమున అచటి బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను.

ఈ విటమినునందు గ్లుటామిక్ ఆమ్లమను అమినో ఆమ్లము ఒక భాగము. ఆకుకూరలలో అట్టి భాగములు పెక్కు గొలుసువలె కూడియుండును. ప్రేగు ఆ గొలుసును త్రెంపి, ఒక్కదానిని మాత్రము నిలిపి విటమినును గ్రహించును. ప్రేగు లోపలిపొర కొలదిదినములకొకమారు క్రొత్తదగుచుండును. అందులకును, క్రొత్తరక్తము పుట్టుటకును ఫోలిక్ ఆమ్లము అవసరము. కావున ప్రేగు చెడినచో విటమిను అందదు. విటమిను అందనిచో ప్రేగు బాగుపడదు. ఈ విషవలయమును ఛేదించు మందు ఆ విధముగా చేతికందెను. దానిని సేవించిన స్ప్రూ రోగులకు రక్తము వృద్ధిచెంది, ఆకలి కలుగుట వైద్యులు గాంచిరి.

సుబ్బారావుగారు మరల స్వదేశమునకు రాలేదు. 1948 ఆగస్టులో, 53వ యేట, న్యూయార్కులో కన్నుమూసిరి. సోదరులను రక్షింపజాలని మందు లోకమునకు దక్కెను. నేడు మన పల్లెలలో గర్భిణీస్త్రీలకు ఇనుముతో చేర్చి ఇచ్చు మాత్రలో నున్నది ఆ ఫోలిక్ ఆమ్లమే. పరీక్ష తప్పి, దిగులుతో మన గ్రంథాలయమున కూర్చుండు బాలుడు ఈ చరిత్రమును చదువుగాక.