ఆంధ్ర పితామహ మాడపాటి హనుమంతరావు

నేడు మహారాష్ట్రలో ఉన్న మన నాందేడు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో అంతర్భాగం. నిజాం ఏలుబడిలో ఆ సంస్థాన ప్రజలలో దాదాపు సగం మంది మాతృభాష తెలుగే అయినా, పాఠశాలలోను కచేరీలోను ఉర్దూదే అధికారం. అటువంటి కాలంలో తెలుగుకు గౌరవస్థానం సంపాదించి, చివరకు రాజధానీ నగరానికే ప్రథమ మేయరైన మహనీయుడు శ్రీ మాడపాటి హనుమంతరావుగారు.

వీరు 1885 జనవరి 22న కృష్ణా జిల్లా నందిగామ తాలూకా ఎర్రుపాలెంలో జన్మించారు. పసితనంలోనే తండ్రిని కోల్పోయి, సూర్యాపేటలో మేనమామల ఇంట పెరిగారు. సంస్కృతాంధ్రములతోపాటు ఉర్దూ, పారసీక భాషలను క్షుణ్ణంగా అభ్యసించారు. హనుమకొండలో గుమాస్తాగా ఉద్యోగ జీవితం ఆరంభించి, పిమ్మట హైదరాబాదు చేరి న్యాయవాదిగా స్థిరపడ్డారు. ఉర్దూలో ఇంతటి పండితుడు తెలుగు కొరకు పాటుపడడం గమనింపదగినది. ఆయనకు ఏ భాషపైనా ద్వేషం లేదు.

1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధినీ థియేటరులో, మహారాష్ట్ర సంస్కర్త కర్వే పండితుని అధ్యక్షతన సంఘ సంస్కరణ మహాసభ జరిగింది. అందు న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగులో మాట్లాడబోగా సభికులు గోల చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానంతో కొందరు తెలుగువారు టేకుమాల రంగారావుగారి ఇంట సమావేశమై ఆంధ్ర జనసంఘాన్ని స్థాపించారు. దానికి కార్యదర్శిగా హనుమంతరావుగారు ఊరూరా గ్రంథాలయాలు నెలకొల్పించారు. వెట్టిచాకిరిని ఖండిస్తూ చిన్న పుస్తకాలు ప్రచురించారు. 1935లో సిరిసిల్ల ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. ఆయన మార్గం మరీ మెత్తనిదని యువకులు కొందరు విసుగుకొనేవారు. అయితే సభ జరుపుకొనుటకే సర్కారు అనుమతి కావలసిన రోజులవి!

ఆయన కార్యాలన్నింటిలోను మిన్నయైనది 1928లో హైదరాబాదులో స్థాపించిన ఆంధ్ర బాలికా పాఠశాల. బోధన తెలుగులో సాగినందున ఉస్మానియా విశ్వవిద్యాలయం గుర్తింపు నీయలేదు. గుర్తింపు లేని చదువుకు ఆడపిల్లలను ఎవరు పంపుతారు? హనుమంతరావుగారు మాధ్యమాన్ని మార్చలేదు. పూనాలోని మహిళా విశ్వవిద్యాలయాన్ని ఆశ్రయించి అనుబంధం సాధించారు. ఆ విశ్వవిద్యాలయ స్థాపకుడు మరెవరో కాదు, నాటి సభాధ్యక్షుడు కర్వే పండితుడే! తెలుగు బాలికల చదువుకు ఆ విధంగా మరాఠీ గడ్డ అండగా నిలిచింది.

1951లో హనుమంతరావుగారు హైదరాబాదు నగరపాలక సంస్థకు ప్రథమ మేయరయ్యారు. అప్పటికి ఆయన వయస్సు అరువదియారేండ్లు. తెలుగు మాటను సభలో సాగనీయని నగరానికి ముప్పది యేండ్లలో ఒక తెలుగువాడే ప్రథమ పౌరుడయ్యాడు. 1954 వరకు ఆ పదవిలో కొనసాగారు. సికింద్రాబాదుకు ఆనాడు వేరే కార్పొరేషను ఉండేది. రెండూ 1960లో ఏకమయ్యాయి.

1955లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ బిరుదంతో సత్కరించింది. 1958 నుండి 1964 వరకు ఆంధ్రప్రదేశ్ శాసనమండలికి అధ్యక్షులుగా వ్యవహరించారు. 'తెలంగాణా ఆంధ్రోద్యమము' అనే ఆయన గ్రంథం ఆ పోరాటానికి ప్రత్యక్ష చరిత్ర. 1970 నవంబరు 11న ఆయన పరమపదించారు. నారాయణగూడలోని ఆ బాలికల పాఠశాల ఆయన పేరనే వెలసియున్నది.