సైరంధ్రీవనానికి అండ – డాక్టరు సలీం అలీ

మహనీయుల జీవితచరిత్రలు చదివేటప్పుడు వారి పట్టాలను, పదవులను లెక్కించుట మనకు అలవాటు. డాక్టరు సలీం అలీగారి విషయంలో ఆ లెక్క మొదటనే తప్పుతుంది. విశ్వవిద్యాలయ పట్టా లేకుండానే ఆయన భారతదేశ పక్షిశాస్త్రానికి పెద్దదిక్కు అయినారు. సముద్రపు పక్షుల గుంపును చూచి చేపల జాడ పసిగట్టే జాలరిపేటలో చదువుకొనే మన విద్యార్థులకు ఆయన చరిత్ర చెప్పుట ఉచితమని మేము తలచినాము.

ఆయన 1896 నవంబరు 12న బొంబాయిలో ఒక ముస్లిం కుటుంబంలో జన్మించారు. ఏడాది వయస్సులో తండ్రిని, మూడేళ్ల ప్రాయంలో తల్లిని కోల్పోయి, మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీగారి ఇంట పెరిగారు. బాల్యంలో గాలి తుపాకీతో ఒక పిచ్చుకను కొట్టగా, దాని కంఠాన పసుపు మచ్చ కనిపించింది. అది ఏ జాతిదో తెలుసుకొనే కుతూహలంతో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం గడప తొక్కారు. కార్యదర్శి మిల్లర్డు దొర ఆ బాలుని కసరక, సంఘంలో భద్రపరచిన పక్షుల నమూనాలన్నింటినీ ఓపికతో చూపించారు. ఒక పెద్దమనిషి ఆదరణ ఒక జీవితాన్ని మలుపు త్రిప్పుటకు ఇంతకంటె నిదర్శనం వేరొకటి అక్కరలేదు.

కాని ఆ దారి పూలబాట కాలేదు. పట్టా లేని కారణంగా ప్రభుత్వ జంతుశాస్త్ర శాఖలో ఉద్యోగం దక్కలేదు. 1926లో బొంబాయి మ్యూజియంలో చిన్న కొలువు లభించింది. సెలవుపై జర్మనీ వెళ్లి, బెర్లినులో ఆచార్య స్ట్రెస్‌మన్ వద్ద శాస్త్రీయ పద్ధతులు నేర్చి 1930లో తిరిగి వచ్చేసరికి, నిధులు లేవని ఆ కొలువే రద్దయింది. ఆయన క్రుంగిపోలేదు. కిహీం అనే సముద్రతీర గ్రామంలో కాపురముండి గిజిగాని గూటి నిర్మాణాన్ని నెలల తరబడి పరిశీలించారు. జాషువ కవి పద్యాలలో మనం మెచ్చుకొనే ఆ పక్షి సంసారంలోని రహస్యాలు ఆ నిరుద్యోగ దినాలలోనే శాస్త్రలోకానికి తెలిసినవి.

పిదప సంస్థానాల పక్షులను సర్వే చేయుటకు పూనుకొన్నారు. వానిలో హైదరాబాదు సంస్థానం మొదటిది. భార్య తెహమీనా అడవులలో, గుడారాలలో ఆయనకు తోడుగా తిరిగారు. 1939లో ఆమె మరణించినా ఆయన పని ఆగలేదు. 1941లో భారతీయ పక్షులను గూర్చిన గ్రంథం వెలువడింది. డిల్లన్ రిప్లీతో కలిసి వ్రాసిన పది సంపుటాల మహాగ్రంథం 1974 నాటికి పూర్తయింది.

ఆయన ధైర్యానికి గీటురాయి వార్ధక్యంలో ఎదురైంది. కేరళలోని సైలెంట్ వ్యాలీ అనే వర్షారణ్యానికి సైరంధ్రీవనమని పేరు. అందు ప్రవహించే నది కుంతిపుళ. ఆ నదిపై జలవిద్యుత్ ఆనకట్టకు 1973లో ప్రణాళికా సంఘం ఆమోదం లభించింది. అక్కడ సింహపుచ్ఛ వానరం నివసిస్తుంది. నల్లని దేహం, మొగము చుట్టూ బూడిదవన్నె జూలు, కుచ్చుతోక గల ఆ జంతువు పడమటి కనుమలలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. అది చెట్ల కొమ్మలపైనే జీవిస్తుంది. నేలకు దిగుట అరుదు. అడవిని నడుమ ముంచివేస్తే కొమ్మల బాట తెగి, గుంపులు విడిపోయి, జాతి క్షీణిస్తుంది. వెలుగు కావాలన్న ప్రజల కోరిక అన్యాయమైనది కాదు. అందుకే ఈ వివాదం కఠినమైనది. విద్యుత్తుకు వేరే మార్గాలు వెదకవచ్చును, నశించిన అడవిని మరల సృష్టించలేము. ఎనిమిది పదుల వయస్సులో సలీం అలీగారు ఆ లోయను దర్శించి, పథకాన్ని విరమించవలసిందని విజ్ఞప్తి చేశారు. కవులు, ఉపాధ్యాయులు, శాస్త్రజ్ఞులు ఎందరో గళం కలిపారు. 1983లో ప్రభుత్వం పథకాన్ని విరమించింది. 1984లో ఆ అరణ్యం జాతీయోద్యానవనంగా ప్రకటింపబడింది.

మన తెలుగు నేలకూ ఆయన ఋణం ఉన్నది. 1900 తరువాత ఎవరికీ కనిపించక, అంతరించినదని భావింపబడిన కలివికోడిని 1986 జనవరిలో కడప జిల్లా చిట్టడవులలో తిరిగి కనుగొన్నది ఆయన నడిపిన ప్రకృతి చరిత్ర సంఘమే. ఆ పక్షి జాడ చూపినవాడు చదువుకొన్న పండితుడు కాడు, స్థానికుడైన ఒక వేటగాడు.

పద్మవిభూషణ బిరుదు, రాజ్యసభ సభ్యత్వం ఆయనను వెదకికొని వచ్చినవి. 1987 జూన్ 20న ఆయన కన్నుమూశారు. పరిశీలించే కన్ను, పట్టు వదలని మనస్సు ఆయన సంపాదన. ఆ రెండింటినీ ఏ విశ్వవిద్యాలయమూ పట్టాగా ఇవ్వదు. పేదవాని బిడ్డకు అవి అందరానివీ కావు. వలలు లాగే ఇండ్ల నుండి వచ్చిన మన విద్యార్థులకు పక్షుల రాకపోకలు, గాలివాటు, తీరాన గ్రుడ్లు పెట్టే తాబేళ్ల సంగతి పుస్తకాలకంటె ముందే తెలియును. దానిని తక్కువ చదువని ఎంచక కాగితంపై పెట్టుట అలవరచుకొన్నచో, శాస్త్రానికి అదే తొలిమెట్టు కాగలదని మా విశ్వాసం.