వసతిగృహం గడప ఎవరిది?

బాలికల వసతిగృహాల్లో ఆరోగ్యం గురించి మాట్లాడితే మనం మందులు, మంచాలు, నర్సుల లెక్క అడుగుతాం. అడగవలసిందే. అయితే ఆ లెక్కకు ముందు మరో ప్రశ్న ఉంది. ఆ గడప లోపలికి ఎవరిని రానిచ్చారు? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి జీవితం గుర్తుకొస్తుంది.

ఆమె 1886 జూలై 30న పుదుక్కోట సంస్థానంలో జన్మించారు. తండ్రి నారాయణస్వామి అయ్యర్ బ్రాహ్మణుడు, కళాశాల ప్రిన్సిపాల్. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ కుటుంబంలో పుట్టిన స్త్రీ. తండ్రి పదవి ఇంటికి ప్రతిష్ఠ తెచ్చినా, తల్లి పుట్టుకపై సమాజం వేసిన ముద్రను చెరపలేదు. మగపిల్లల కళాశాలలో ఆమెను చేర్చుకోవడానికి అభ్యంతరాలు లేచాయి; మహారాజు అనుమతితోనే ప్రవేశం దొరికింది. 1912లో మద్రాసు వైద్య కళాశాల నుంచి పట్టా పుచ్చుకున్నారు. 1914లో డాక్టర్ సుందర రెడ్డిని వివాహమాడారు.

1927లో మద్రాసు శాసనమండలిలో తొలి మహిళా సభ్యురాలిగా అడుగుపెట్టి, ఉపాధ్యక్షురాలయ్యారు. పురపాలక, స్థానిక సంస్థల బడుల్లో పిల్లలకు క్రమబద్ధమైన వైద్య పరీక్షలు జరగాలని పట్టుబట్టారు. పేద ఇంటి పిల్లకు రోగం ముదిరేదాకా వైద్యుడి ముఖం చూసే వీలుండని కాలమది. బడి ద్వారా వైద్యం ఆ పిల్లను చేరాలన్న ఆలోచనలో నాకు కనిపించేది జాలి కాదు, హక్కు.

దేవదాసీ విధానంపై ఆమె పోరాటం ప్రసిద్ధమే. ఆలయ సేవ చేయకపోయినా ఈనాం భూములు ఆ స్త్రీలకే దక్కేలా 1929లో చట్టసవరణ వచ్చింది. ఆ మండలి పరిధిలో కోస్తా, రాయలసీమ కూడా ఉన్నాయి. బెంగళూరు నాగరత్నమ్మ వంటి వారు ఆమెను గట్టిగా ఎదిరించారు. తమ కళను, ఆస్తిహక్కును, గౌరవాన్ని తమతో చర్చించకుండా నిర్ణయించడమేమిటన్న వారి వాదనలో బలం ఉందని నేనూ ఒప్పుకుంటాను. సంస్కర్తను స్మరించడమంటే ఆ విమర్శను దాచిపెట్టడం కాదు.

అయితే 1930లో జరిగిన ఘటన ఆ చర్చ మొత్తానికీ మరో వెలుగు చూపుతుంది. ఆ బతుకు వద్దనుకున్న ముగ్గురు దేవదాసీ బాలికలు ఆమె ఇంటి తలుపు తట్టారు. ఆమె వారిని వసతిగృహాలకు పంపితే, ఎక్కడా చేర్చుకోలేదు. పుట్టుకే వారి నేరమైంది. అప్పుడు ఆమె తన ఇంట్లోనే వారికి చోటిచ్చారు. అవ్వై హోమ్ అలా మొదలైంది. నీడ, తిండి, చదువు, వైద్యం ఒకే కప్పు కింద దొరికిన చోటు అది.

ఉప్పు సత్యాగ్రహ కాలంలో గాంధీ అరెస్టుకు నిరసనగా ఆమె మండలికి రాజీనామా చేశారు. దేవదాసీ నిషేధ చట్టం 1947లో వచ్చింది. చెల్లెలిని బలిగొన్న క్యాన్సర్‌పై పోరాటానికి 1954లో అడయారులో ఆసుపత్రిని నిలబెట్టారు. 1968 జూలై 22న కన్నుమూశారు. జోగినీ ఆచారాన్ని ఆపడానికి ఆంధ్రప్రదేశ్‌కు 1988లో మళ్లీ చట్టం అవసరమైందంటే, ఆ పని ఎంత మిగిలిపోయిందో తెలుస్తుంది.

నేడు మన గురుకులాల్లో దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల ఆడపిల్లలు చదువుతున్నారు. గడప తెరుచుకుంది. కానీ జ్వరం వచ్చిన పిల్లను ఇంటికి పంపేస్తే బాధ్యత తీరిందనుకునే చోట ఆ ప్రవేశం సగమే. రాత్రివేళ కూడా అందుబాటులో ఉండే నర్సు, క్రమం తప్పని వైద్య పరీక్ష, శుభ్రమైన నీరు వారికి ఎవరో చేసే ఉపకారాలు కావు. ముత్తులక్ష్మీ రెడ్డి పేరు తలచుకునే ప్రభుత్వం ముందు వీటికి జవాబు చెప్పాలి.