గుంటూరు డాక్టరమ్మ అన్నా కుగ్లర్

సేవ కూడా పూజే అని ఈ వారం వీడియోలో చెప్పాను కదా. అందుకు నేను ఎంచుకున్న జీవితం మన విజయవాడ పక్కనే, గుంటూరులో గడిచింది.

అన్నా సారా కుగ్లర్ 1856లో అమెరికాలో పుట్టారు. డాక్టరయ్యాక రెండేళ్లు నోరిస్‌టౌన్ మానసిక ఆసుపత్రిలో, ఆడవాళ్ల విభాగంలో పనిచేశారు. అక్కడి పెద్ద డాక్టరు ఆలిస్ బెన్నెట్ రోగుల్ని కట్టేసే పద్ధతిని వ్యతిరేకించినావిడ.

1883లో కుగ్లర్ లూథరన్ మిషనరీగా గుంటూరు వచ్చారు. మిషన్ పంపింది చదువు చెప్పడానికి, అయినా ఆవిడ వైద్యం మానలేదు. మగ డాక్టరుకి చూపించుకోలేక బాధని దిగమింగే స్త్రీలు ఎందరో. పైగా అన్ని కులాల వాళ్లనీ ముట్టుకునే దొరసాని ఇచ్చే మందు తాగితే మైల అని భయం! 1885లో మిషన్ ఆవిడని వైద్యురాలిగా నియమించింది. తర్వాత ఆసుపత్రి వెలిసింది.

నన్ను కదిలించింది ఏలూరు రాజా భుజంగరావు గారి సంగతి. తన భార్యకి అందిన వైద్యానికి కృతజ్ఞతగా, ఆసుపత్రి ఎదురుగా హిందూ రోగుల బంధువులకి సత్రం కట్టించారు. అయినవాళ్లు దగ్గరుంటే సగం భయం పోతుంది. ట్రామా చికిత్స ఇప్పుడు చెప్పేదీ అదే: ముందు మనిషికి భద్రంగా అనిపించాలి.

ఆవిడ మతం ఆవిడది, రాజావారి ధర్మం రాజావారిది. నొప్పి దగ్గర ఇద్దరూ కలిశారు. 1930లో ఆవిడ గుంటూరులోనే కన్నుమూశారు. కుగ్లర్ ఆసుపత్రి పేరు ఇప్పటికీ ఊళ్లో వినిపిస్తుంది.

ఈ వారం ఎవరైనా బాధలో ఉంటే, సలహా ఇచ్చేముందు కాసేపు పక్కన కూర్చోండి. శుభం!