గోదావరి గట్టు బావరి

బావరి కోసల నుంచి వచ్చి అస్సక దేశంలో గోదావరి ఒడ్డున ఆశ్రమం కట్టుకున్నాడని సుత్తనిపాతం చెబుతుంది. అది ఇప్పటి నిర్మల్ జిల్లా బాదనకుర్తి అని కొందరు చరిత్రకారుల అభిప్రాయం.

యజ్ఞం చేసి ఉన్నదంతా దానమిచ్చాక ఒకడొచ్చి 500 నాణేలు అడిగాడు. లేవన్నందుకు ఏడో రోజున తల ఏడు ముక్కలవుతుందని శపించాడు. అంత పండితుడూ దిగులుతో తిండి మానేశాడు. (మనం పరీక్షలకే మానేస్తాం!) తల సంగతి తెలిసినవాడు బుద్ధుడేనని ఒక దేవత చెప్పగా, 120 ఏళ్ల బావరి తన 16 మంది శిష్యులను పంపాడు. వారు పైఠాన్, ఉజ్జయినిల మీదుగా మగధ చేరారు.

తల అంటే అవిద్య, దాన్ని పగలగొట్టేది విద్య అని బుద్ధుడు వివరించాడు. బావరిని భయపెట్టిన మాటే బోధ అయింది. చూపు మందగించిన ముసలి పింగియుడు ముసలితనం బాధ పోయే దారి అడిగాడు. తృష్ణ వదలమన్నాడు బుద్ధుడు. ఆ పింగియుడే తిరిగొచ్చి గురువుకు అంతా చెప్పాడు.