హిమమును పరిశీలించిన హెన్రీ బ్లాన్‌ఫర్డ్

రాయపూరు చుట్టునున్న ఛత్తీస్‌గఢ్ మైదానము వరి పండు నేల. ఆషాఢమున మేఘములు ముఖము చాటు చేసిన యెడల నారుమడి యెండును. కూలివాని యింట పొయ్యి ఆరును. ఇట్టి పల్లపు నేల యొక్క గతి, వందలాది మైళ్ళ దూరమున హిమాలయములపై కురియు మంచుతో ముడిపడి యున్నదా? ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము వెదకినవారిలో అగ్రగణ్యుడు హెన్రీ ఫ్రాన్సిస్ బ్లాన్‌ఫర్డ్. ఆయన జీవిత కథ ఆంధ్రదేశపు దుఃఖదినములతో కూడ పెనవేసికొని యున్నది గనుక మన చదువరులు దానిని తెలిసికొనదగును.

హెన్రీ 1834 జూన్ 3వ తేదీన లండను నగరమున జన్మించెను. అతని అన్న విలియం రెండేండ్లు పెద్దవాడు. సోదరు లిరువురును లండనులో 1851లో స్థాపింపబడిన గనుల విద్యాలయమున చదివి, జర్మనీలోని ఫ్రైబెర్గులో శిక్షణ పొంది, 1855లో భారత భూగర్భ పరిశోధన శాఖలో చేరిరి. మొదటనే వారికి ఒరిస్సాలోని తాల్చేరు బొగ్గు క్షేత్రమును పరిశీలించు పని యప్పగింపబడెను.

అచ్చట వారికొక వింత కనబడెను. బొగ్గు పొరల క్రింద, మెత్తని ఒండ్రుమట్టిలో పెద్ద పెద్ద గుండ్రాళ్ళు ఇరుకుకొని యుండెను. వడిగా పారు నీరు బరువైన రాళ్ళను దొర్లించును గాని సన్నని ఒండ్రును నిలువనీయదు. మెల్లగా కదలు నీరు ఒండ్రును పేర్చును గాని బండలను మోయజాలదు. రెండింటిని కలిపి తెచ్చి విడువగల శక్తి మంచుగడ్డకు కలదు. 1856లో ఆ సోదరులును, వారి సహోద్యోగి విలియం థియోబాల్డును ఈ రాళ్ళు మంచుచేత మోయబడినవని సూచించిరి. ఉష్ణదేశములో మంచుగడ్డయా యని అనేకులు సందేహించిరి. అయితే తరువాతి కాలమున పైన్‌గంగా నదీ ప్రాంతమందలి ఇరాయి గ్రామమునొద్ద, హిమానీనదము ఒరసికొని పోయిన గీతలు రాతిమీద స్పష్టముగా కనబడెను. అట్టి తాల్చేరు శిలలే రాయపూరునకు ఉత్తరమున మనేంద్రగఢ్ ప్రాంతమునను ఉన్నవి. సుమారు 30 కోట్ల సంవత్సరముల క్రిందట ఈ భూభాగము దక్షిణ ధ్రువమునకు సమీపముగా నుండి హిమముచే కప్పబడి యుండెనని నేడు శాస్త్రజ్ఞు లంగీకరించుచున్నారు.

పిమ్మట హెన్రీ తిరుచిరాపల్లి ప్రాంతపు శిలలను పరిశీలించెను. ఎండలలో చేసిన ఆ శ్రమవలన ఆరోగ్యము చెడగా 1862లో ఉద్యోగము మాని, కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ఉపాధ్యాయుడాయెను. నేలను చదివిన ఆయన కన్నులను ఆకాశమువైపు త్రిప్పినవి రెండు విపత్తులు. 1864 అక్టోబరు 5న కలకత్తాను ఒక మహా తుపాను ధ్వంసము చేసెను. నెల తిరుగకముందే, నవంబరు 1 రాత్రి, మచిలీపట్నముమీదికి సముద్రము పొంగి వచ్చి సుమారు 30,000 మందిని పొట్టన బెట్టుకొనెను. ఏ ఊరికిని ముందుగా హెచ్చరిక లేకపోయెను. హెన్రీ, కర్నల్ గాస్ట్రెల్ అను అధికారితో కూడ కలకత్తా తుపానును గూర్చి సవిస్తరమైన నివేదిక వ్రాసెను. 1866లో వర్షాభావమువలన కలిగిన ఒరిస్సా కరువులో సుమారు పది లక్షలమంది చనిపోయిరి. 1867లో ఆయన బెంగాలు ప్రభుత్వమునకు వాతావరణ నివేదకుడుగా నియమింపబడెను.

అప్పుడు ఒక్కొక్క రాష్ట్రము తన యిష్టానుసారముగా వానను, గాలిని కొలుచుచుండెను. ఒకచోటి లెక్క మరియొకచోటి లెక్కతో పోల్చుటకు వీలులేకపోయెను. 1875లో భారత వాతావరణ శాఖ స్థాపింపబడి, హెన్రీ దాని ప్రథమాధిపతి యయ్యెను. దేశమంతట ఒకే రీతి పరికరములను, ఒకే రీతి లెక్కలను నెలకొల్పుట ఆయన చేసిన మొదటి పని. ఇది కీర్తి తెచ్చు పని కాదు. కాని ఇది లేక తక్కిన దేదియు సాధ్యము కాదు.

మరుసటి యేడు ధాత కరువు ప్రారంభమాయెను. 1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిలోను, దక్కనులోను, తరువాత ఉత్తర దేశమునను కలిపి ఏబది లక్షలకు పైగా జనులు మరణించిరి. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంతభాగమును గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి పని కల్పించిన సంగతి మన సంఘములు నేటికిని జ్ఞాపకముంచుకొన్నవి. ఆ కరువు దినములలోనే మన దేశపు ధాన్యము ఓడలమీద విదేశములకు పోవుచుండెను. వాన తప్పు సంవత్సరమును ముందుగా తెలిసికొను మార్గము కలదేమో చూడుమని ప్రభుత్వము హెన్రీని కోరెను.

హిమాలయములలో మంచు అధికముగాను, కాలము మించియు కురిసిన యేట, మైదానములలో పొడి పడమటి గాలులు హెచ్చి వర్షము వెనుకపట్టుటను ఆయన గమనించెను. మంచుతో చల్లబడిన భూమి ఋతుపవనమును ఆకర్షింపజాలదని ఆయన తలంచెను. 1884లో ఈ విషయమును లండను రాయల్ సొసైటీకి వ్రాసి పంపెను. 1882 మొదలు 1885 వరకు పరీక్షార్థముగా సూచనలు చేసి, 1886 జూన్ 4న భారతదేశమునకును బర్మాకును వర్తించు ఋతుపవన సూచనను వెలువరించెను. ఏటేట వెలువడు సూచనలకు అదియే నాంది. ఈ కాలముననే రుచిరామ్ సాహ్ని యను పంజాబు యువకుడు ఆయనయొద్ద సహాయకుడుగా చేరెను; శిలాజ వృక్షశాస్త్రజ్ఞుడైన బీర్బల్ సాహ్ని ఇతని కుమారుడే.

హెన్రీ 1888లో విరమించి, 1893 జనవరి 23న ఇంగ్లాండులో మృతినొందెను. ఆయన చూడకుండ పోయిన పరీక్ష 1899లో వచ్చెను. ఆ యేట వర్షము సమృద్ధిగా నుండునని శాఖ ప్రకటించెను. గాని ఘోరమైన అనావృష్టి కలిగెను. ఛత్తీస్‌గఢ్ పల్లెలు ఆకలితో అలమటించెను. రాయపూరునకు దక్షిణమున ధమ్తరీలో మెన్నొనైటు మిషనరీలు తమ సేవను ప్రారంభించినది ఆ కరువు కాలమందే.

అయితే హెన్రీ శ్రమ వ్యర్థమాయెనా? కాలేదు. హిమము ఒక్కటే ఋతుపవనమును శాసింపదని తేటపడినప్పుడు, 1904లో శాఖాధిపతియైన గిల్బర్టు వాకర్ హెన్రీ ప్రోగుచేయించిన లెక్కలను ఆధారము చేసికొని ప్రపంచమంతట వెదకి, పసిఫిక్, హిందూ మహాసముద్రముల మీది వాయుపీడనపు హెచ్చుతగ్గులకును మన వానలకును గల సంబంధమును కనుగొనెను. మంచునకును వానకును గల సంబంధము అన్ని యేండ్లలో ఒకే రీతిగా నుండదని నేడు మనకు తెలియును. అయినను అది కేవలము భ్రమయని ఎవరును త్రోసివేయలేదు.

నేడు ప్రతి ఏప్రిలు నెలలో వాతావరణ శాఖ ఆ యేటి ఋతుపవనమును గూర్చి ప్రకటన చేయుచున్నది. రాయపూరు రైతు దానిని విని విత్తనములు సిద్ధపరచుకొనును. సూచన వినుట యొక పని. తప్పిన యేట గాదెలు తెరచుట మరియొక పని. మొదటి దానికై హెన్రీ బ్లాన్‌ఫర్డ్ తన బలమంతయు వెచ్చించెను. రెండవది ఆయన చేతిలో లేదు. అది ఏ తరమువారికైనను వారి వారి చేతులలోనే యున్నది.