ఎడారి మర్యాద తెలిసిన కర్నల్ డిక్సన్

కువైట్‌లో ఉన్న తెలుగువారికి గల్ఫ్ రోడ్డు మీద, సముద్రానికి ఎదురుగా ఉన్న పాత తెల్లని ఇల్లు తెలిసే ఉంటుంది. దాన్ని బైత్ డిక్సన్, అంటే డిక్సన్ ఇల్లు అంటారు. ఉద్యోగ వ్యాపారాల కోసం పరాయి దేశం చేరిన వారందరూ తెలుసుకోదగిన జీవితం ఆ ఇంటి యజమానిది.

హెరాల్డ్ డిక్సన్ 1881లో బీరూట్‌లో జన్మించారు. తండ్రి బ్రిటిష్ కాన్సల్. పసితనంలో తల్లికి పాలు చాలకపోతే, అనైజా తెగకు చెందిన ఒక బెదూయిన్ స్త్రీ తనకు పాలిచ్చి పెంచిందని ఆయన రాసుకున్నారు. అరబ్బుల ఆచారంలో పాలు పంచుకున్న వారు రక్తబంధువులతో సమానం. అందువల్ల ఎడారి తెగలు ఆయనను తమవాడిగానే చూశాయి. అరబ్బీ ఆయనకు చిన్ననాటి నుండే అబ్బింది.

ఆక్స్‌ఫర్డ్‌లో చదివి సైన్యంలో చేరిన డిక్సన్, 1908లో దక్కన్ హార్స్ అశ్విక దళానికి మారారు. మన హైదరాబాద్ కంటింజెంట్ నుండి రూపొందిన దళమది. మొదటి ప్రపంచ యుద్ధం ఆయనను ఇరాక్‌కు తీసుకెళ్ళింది. 1920లో వయొలెట్‌ను బొంబాయిలో వివాహమాడారు. 1929లో బ్రిటిష్ పొలిటికల్ ఏజెంట్‌గా కువైట్ వచ్చారు.

అప్పటి కువైట్ ముత్యాలు, ఓడల మీద బతికే చిన్న పట్టణం. ఆ ఓడలు బొంబాయికి, మలబారుకు వెళ్ళేవి. చెలామణిలో ఉన్నది మన రూపాయే. జపాన్ కల్చర్ ముత్యాలు వచ్చి ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. అలాంటి గడ్డు రోజుల్లో చమురు కంపెనీలు షేక్ అహ్మద్ అల్ జాబెర్ తలుపు తట్టాయి.

డిక్సన్ దంపతులు ఏటా వసంతకాలంలో ఎడారిలో నల్లని మేక వెంట్రుకల గుడారం వేసుకొని బెదూయిన్ల మధ్య గడిపేవారు. వయొలెట్ కూడా అరబ్బీ నేర్చారు. ఎడారి మొక్కలు సేకరించి ఇంగ్లండుకు పంపారు. వాటిలో ఒక దానికి ఆమె పేరే పెట్టారు. అతిథి ఎక్కడ కూర్చోవాలి, కాఫీ ఎవరికి ముందు పోయాలి, తెగల మధ్య పాత పగలేమిటి వంటివన్నీ డిక్సన్ ఓపికగా గమనించి రాసుకున్నారు. 1949లో వెలువడిన ఆయన గ్రంథం 'ది అరబ్ ఆఫ్ ది డెజర్ట్' ఆ పరిశీలన ఫలితమే.

ఆ నమ్మకానికి త్వరలోనే పరీక్ష ఎదురైంది. ఇబ్న్ సౌద్‌పై తిరుగుబాటు చేసి ఓడిన ముతైర్ తెగ నాయకుడు ఫైసల్ అల్ దువైష్ 1930 జనవరిలో బ్రిటిష్ వారికి లొంగిపోతూ, తన ఇంటి ఆడవారిని డిక్సన్ సంరక్షణకు అప్పగించాడు. అరబ్బు ఇంతకన్నా పెద్ద నమ్మకం ఎవరిమీదా ఉంచడు. డిక్సన్ దంపతులు వారిని ఆదరించారు. కానీ బ్రిటిష్ ప్రభుత్వం దువైష్‌ను ఇబ్న్ సౌద్‌కు అప్పగించింది. మరుసటి ఏడు అతడు రియాద్ చెరలో మరణించాడు. పై ప్రభుత్వం చేసే నిర్ణయాల ముందు ఒక అధికారి సంపాదించుకున్న స్నేహం ఎంత చిన్నదో ఈ సంఘటన చెబుతుంది.

చమురు ఒప్పందంపై 1934 డిసెంబరు 23న సంతకాలయ్యాయి. ఆంగ్లో పర్షియన్, అమెరికాకు చెందిన గల్ఫ్ సంస్థలు కలిసి కువైట్ ఆయిల్ కంపెనీగా ఏర్పడి, 75 ఏళ్ళ హక్కు పొందాయి. సంతకానికి గాను షేక్‌కు ముట్టింది 4,75,000 రూపాయలు. ఏళ్ళ తరబడి రెండు కంపెనీలను పోటీలో నిలిపి షేక్ నేర్పుగా బేరమాడారు. అయినా అవసరం ఆయనది, అధికారం బ్రిటిష్ వారిది.

1936లో పదవీ విరమణ చేసిన డిక్సన్ అదే కంపెనీకి ముఖ్య స్థానిక ప్రతినిధి అయ్యారు. బహ్రా దగ్గర తవ్విన బావి విఫలమయ్యాక, ఒంటరి రేగు చెట్టు పక్కన తవ్వమన్నట్లు తనకు కల వచ్చిందని, దాని అర్థం ఒక బెదూయిన్ స్త్రీని అడిగానని ఆయన రాశారు. కల సంగతి ఎలా ఉన్నా, 1938లో బుర్గాన్‌లో చమురు పడింది. 1946లో తొలి ఎగుమతి జరిగింది. డిక్సన్ 1959లో కువైట్‌లోనే కన్నుమూశారు. వయొలెట్ 1990 వరకు ఆ ఇంటిలోనే నివసించారు. కువైట్ ప్రభుత్వం 1975లో కంపెనీని పూర్తిగా స్వాధీనం చేసుకుంది.

ఈ జీవితం నుండి మనం గ్రహించవలసినవి రెండు. ఎదుటివారి భాష, ఆచారం, ఆతిథ్యం గౌరవించనిదే పరాయి గడ్డపై ఏ వ్యాపారమూ నిలవదు. దివానియాలో కాఫీ తాగుతూ కుశలప్రశ్నలతో గడిచే గంట వృథా అనుకునేవారికి కువైట్ ఎప్పటికీ అర్థం కాదు. అయితే మర్యాద తెలిసినంత మాత్రాన ఒప్పందం న్యాయమైపోదు. ఎదుటివారిని అంత బాగా తెలుసుకున్న తరువాత వారికి దక్కవలసిన వాటా కూడా దక్కేలా చూసినప్పుడే ఆ స్నేహం తరతరాలు నిలుస్తుంది. దేశదేశాల్లో వ్యాపారాలు నడుపుతున్న మన తెలుగువారు ఈ రెండింటినీ గుర్తుంచుకోవాలని ఆకాంక్షిద్దాం.